యాసలో రాసిన కథలు ఏ వెబ్ పత్రికకు పంపాలి? ఎలా ఎంచుకోవాలి?

జీడితోట:

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఒక పల్లె, బడిలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం. పదేళ్ళుగా కథలు చదువుతున్నాను, నాలుగేళ్ళుగా రాస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర మూడు రచనలు ఉన్నాయి, వాటిని ఎక్కడికి పంపాలో తేల్చుకోలేక నెల రోజులుగా అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిది పెద్ద కథ, దాదాపు 4,500 మాటలు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ గురించి. మా అమ్మ ఇరవై ఏళ్ళు ఆ పని చేసింది. పిక్క పగిలినప్పుడు లోపలి నుంచి వచ్చే జీడి అంటుకుని వేళ్ళ చివర్లు నల్లబడి చర్మం లేచిపోతుంది, అన్నం కలుపుకుంటే మంట. అదీ కథ. సంభాషణలన్నీ మా శ్రీకాకుళం యాసలోనే రాశాను. రెండోది చిన్న కథ, 900 మాటలు ఉంటుందేమో, ఇది మామూలు భాషలోనే. మూడోది ఈమధ్య చదివిన ఒక కథల పుస్తకం మీద వ్యాసం.

నా భయం ఏమిటంటే, రెండేళ్ళ కిందట ఒక వెబ్ పత్రికకు (పేరు వద్దు) ఒక కథ పంపాను. నాలుగో రోజుకే వేసేశారు. ముందు ఒక్క ఉత్తరం లేదు. సంతోషంగా తెరిచి చూస్తే కథలో మా మామ్మ "ఏటే గుంటా, ఏటి సేస్తన్నావు, ఒగ్గీ" అన్న చోట "ఏమిటే అమ్మాయీ, ఏం చేస్తున్నావు, వదిలేయి" అని ఉంది. మొదటి నుంచి చివరి దాకా అంతే. మెయిల్ రాశాను, జవాబు రాలేదు. ఇంట్లో అమ్మకు చదివి వినిపిస్తే సగంలో ఆపి "ఇది ఎవలి మాట?" అంది. ఆ తర్వాత ఏడాది పాటు ఎక్కడికీ ఏమీ పంపలేదు.

ఇప్పుడు ఒక వాట్సాప్ గ్రూపులో 1,200 రూపాయలు కడితే సంకలనంలో వేస్తాం, ప్రశంసాపత్రం కూడా ఇస్తాం అంటున్నారు. తోటి టీచర్ ఒకామె ఎవరి కథలు వాళ్ళే పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లో పెట్టేయమంటోంది. మా తమ్ముడేమో ఫేస్‌బుక్‌లో పెడితే వెంటనే నలుగురూ చదువుతారు కదా అంటాడు. అసలు ఏది చూసి ఎంచుకోవాలి? ఎక్కువమంది చదివే పత్రికా, పేరున్న పత్రికా, త్వరగా వేసే పత్రికా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌తో మళ్ళీ ఆగిపోవాలని లేదు.

---

పాతసంచిక:

మేడమ్, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. మీరు మూడు రచనలను ఒక మూటగా చూస్తున్నారు, అవి మూడు వేరువేరు ఇళ్ళకు వెళ్ళాల్సినవి.

నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. కథ పూర్తయ్యాక ఏ పత్రికకూ పంపకుండా పదిహేను రోజులు పత్రికలు మాత్రమే చదువుతాను. ఒక్కో వెబ్ పత్రికలో ఈమధ్య వచ్చిన మూడు నాలుగు సంచికలు తెరిచి, అందులోని కథలన్నీ, నచ్చకపోయినా సరే, చివరి దాకా. చదువుతూ ఒకటే చూసుకుంటాను: ఈ కథ పక్కన నా కథ కూర్చుంటే పరాయిదానిలా ఉంటుందా, చుట్టంలా ఉంటుందా? పత్రిక పేరు, సంపాదకుల పేరు, ఎంతమంది చదువుతారన్న లెక్క, అవన్నీ ఆ తర్వాతే.

మీ పెద్ద కథకు నేనైతే ముందు 'ఈమాట' అనే వెబ్ పత్రిక చూస్తాను. 1998 నుంచి నడుస్తోంది, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు మొదలుపెట్టారు. పాత సంచికలన్నీ సైట్‌లోనే ఉన్నాయి, కాబట్టి వాళ్ళకు ఎలాంటి కథ నచ్చుతుందో మీరు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. వచ్చిన రచనను సమీక్షకులకు చూపిస్తారు, వాళ్ళు చెప్పిన మార్పులు మీకు రాస్తారు. ఇది కొందరికి కష్టంగా ఉంటుంది. మీ కథ మీద ఎవరో తెలియని మనిషి "ఈ పేరా ఎందుకు?" అని అడిగితే మొదటి రోజు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. వారం తర్వాత చూస్తే ఆ పేరా నిజంగానే అక్కర్లేదు. మీకు రెండేళ్ళ కిందట జరిగినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం: అక్కడ అడక్కుండా మార్చారు, ఇక్కడ మార్చమని మిమ్మల్నే అడుగుతారు. నాకు తెలిసి ఒక రచయితకు పత్రిక ఇవ్వగలిగిన మర్యాద అంతకన్నా లేదు.

సారంగ కూడా చూడండి, పక్షపత్రిక. కొత్త గొంతులకు, ప్రాంతాల కథలకు అక్కడ చోటు ఉంటుంది, కింద పాఠకుల వ్యాఖ్యలు కూడా వస్తాయి. మీ కథ ఆడవాళ్ళ శ్రమ గురించి కాబట్టి విహంగ, నెచ్చెలి రెండూ చదవండి. విహంగ 2011 నుంచి ఉంది, నెచ్చెలి 2019లో మొదలైంది, రెండూ స్త్రీల కోసం నడిచే వెబ్ పత్రికలు. కౌముది నెలనెలా పీడీఎఫ్ రూపంలో వస్తుంది, దించుకుని తీరిగ్గా చదువుకునే అలవాటున్న పాఠకులు దానికి ఎక్కువ. సంచికలో కథలు, సీరియల్స్, వ్యాసాలు అన్నీ వస్తాయి.

పుస్తకం మీద వ్యాసానికి వెతకాల్సిన పనే లేదు, పుస్తకం.నెట్ ఉంది. 2009 నుంచి పుస్తకాల గురించి మాత్రమే. అక్కడికి వచ్చేవాళ్ళు పుస్తకం కోసమే వస్తారు.

ఇంకో దారి. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏటా తెస్తున్న కథా సంకలనాలు మీ దగ్గర్లోని లైబ్రరీలో దొరికితే, ప్రతి కథా మొదట ఏ పత్రికలో వచ్చిందో చూసి రాసుకోండి. శ్రీకాకుళంలోనే తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉంది కదా, మీకు రెండు గంటల ప్రయాణం. కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టింది. ఒక ఆదివారం వెళ్ళండి. పాత పత్రికల్లో మీ యాసలో వచ్చిన కథలు చేత్తో పట్టుకుని చూస్తే మీకున్న ఆ భయం సగం పోతుంది.

---

మానేరు ఒడ్డు:

అక్కా, నాది కరీంనగర్ వైపు. మీ మామ్మ మాట మార్చిన సంగతి చదివి మనసు కలుక్కుమంది, నాకూ ఇట్లనే అయింది. నా కథలో "ఎటు పోతున్నవ్‌రా" అని ఉంటే "ఎక్కడికి వెళ్తున్నావురా" అని చేసిన్రు. మా ఊళ్ళో ఎవ్వరూ అట్ల మాట్లాడరు.

అయితే అవతలి పక్క నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మీరు "గుంట" అని రాశారు. మీకది ఆడపిల్ల. మాకు గుంట అంటే భూమి కొలత, ఎకరానికి 40 గుంటలు. ఇంకొన్ని చోట్ల గుంట అంటే గొయ్యి, నీళ్ళు నిలిచే చోటు. "గుంటను సంకనెత్తుకొని" అని మీ కథలో వస్తే నేను ఒక్క క్షణం ఆగిపోతా. ఆ ఆగడం తప్పు కాదు, రెండో వాక్యంలో పిల్ల ఏడ్చిందని ఉంటే చాలు, నాకు అర్థమైపోతుంది. మాట మార్చకుండానే చదివేవాడికి దారి చూపించొచ్చు. ఒక్కసారి మీ ఊరు కాని మనిషితో చదివించండి, ఎక్కడ ఆగారో అక్కడ మాత్రమే చూసుకోండి.

రెండోది, యాస ఒకే తీరుగా ఉందా చూడండి. ఒక చోట "సేస్తన్నాది", ఇంకో చోట "చేస్తన్నది", మూడో చోట "చేస్తున్నాది" అని ఉంటే చూసే సంపాదకుడికి అది యాస అనిపించదు, అచ్చుతప్పు అనిపిస్తుంది. అప్పుడు దిద్దుతాడు. ఒక కాగితం మీద మీ యాస మాటలన్నీ రాసుకొని, కథ మొత్తం దానితో సరిచూడండి. ఫోన్‌లో మాట్లాడి టైప్ చేసే అలవాటుంటే ఇంకా జాగ్రత్త, మనం యాసలో చెప్పినా అది పుస్తకాల భాషలోకి మార్చి పెడుతుంది. నేను ఆ సంగతి చూసుకోకుండా ఒకసారి పంపిన, తప్పు నాదే అయింది.

మూడోది, కథతో పాటు పంపే మెయిల్‌లో ఒక్క ముక్క రాయండి: "సంభాషణలు శ్రీకాకుళం జిల్లా యాసలో కావాలనే రాశాను. ఏదైనా మార్చాలనుకుంటే ప్రచురణకు ముందు నాకు చూపించగలరు." దీనికి కోపం తెచ్చుకునే పత్రిక అయితే మీ కథకు ఆ పత్రిక వద్దు.

---

ఆదివారం అనుబంధం:

అందరూ వెబ్ పత్రికలే చెబుతున్నారు. చిన్న కథ మాత్రం ముందు అచ్చు పత్రికకే పంపండి అంటాను. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో జాగా తక్కువ, 900 మాటల కథ వాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. పారితోషికం కూడా రావచ్చు. ముఖ్యంగా మీ ఊళ్ళో టీ కొట్టు దగ్గర, సెలూన్‌లో, మీ బడి స్టాఫ్ రూమ్‌లో ఆ పేపరు ఉంటుంది. మీ అమ్మగారు పని చేసినచోట వాళ్ళు వెబ్ పత్రిక తెరుస్తారా? పేపరైతే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

---

పాతసంచిక:

ఈ మాటతో ఒప్పుకుంటాను, చిన్న కథ వరకు. పెద్ద కథకు మాత్రం అచ్చులో దారులు మూసుకుపోతున్నాయి. విపుల, చతుర అనే మాసపత్రికలు 2021లో ఆగిపోయాయి, కరోనా రోజుల్లో ఇంకా కొన్ని ఆగాయి. ఇప్పుడు 4,500 మాటల కథను ఆదివారం పేజీకి పంపితే సగానికి కోయమంటారు. వెబ్‌లో పేజీ కొరత లేదు, కోత పడేది కథకు అవసరమైతేనే. జీడిపిక్కల కథను ఎవరూ కోయకూడదు, అది నా స్వార్థం కూడా, నేను చదవాలనుకుంటున్నాను.

---

ప్రూఫుల బల్ల:

నేను కొన్నేళ్ళు ఒక వెబ్ పత్రికకు ప్రూఫులు చూశాను, జీతం లేని పని, రాత్రి పిల్లలు పడుకున్నాక చేసేదాన్ని. మన వెబ్ పత్రికలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఉద్యోగాలు చేసుకునే నలుగురైదుగురు, డబ్బు తీసుకోరు, రచయితలకు ఇవ్వలేరు. అందుకే జవాబు ఆలస్యమవుతుంది. ఆలస్యం చూసి పత్రిక మంచిది కాదనుకోకండి. నాలుగు రోజుల్లో వేశారంటే మాత్రం చదివారా అని అనుమానించండి.

అటువైపు కూర్చున్నప్పుడు నాకు కనిపించినవి చెబుతాను. రచనను 'అను' ఫాంట్లతో టైప్ చేసి పంపేవాళ్ళు ఉండేవాళ్ళు. అది అచ్చు ప్రెస్సుకు పనికొస్తుంది, వెబ్‌కు యూనికోడ్ కావాలి, అంటే ఏ ఫోన్‌లోనైనా కనిపించే మామూలు తెలుగు టైపింగ్. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు తారుమారవుతాయి, "కష్టం" ఎక్కడో "కషటం" అయి కూర్చుంటుంది. పీడీఎఫ్ పంపితే అందులోంచి తెలుగు కాపీ చేయడం ఇంకా నరకం. చేత్తో రాసిన కాగితాలకు ఫోటోలు తీసి పంపేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ కథలు ఎంత బాగున్నా టైప్ చేసే మనిషి దొరికేదాకా అలాగే ఉండిపోయేవి. కాబట్టి యూనికోడ్‌లో, మామూలు వర్డ్ ఫైలు లేదా గూగుల్ డాక్. కీబోర్డు అలవాటు లేకపోతే లేఖిని ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. యాసకు అదే మంచిది, మీరు కొట్టిందే వస్తుంది.

యాస కథల్లో ఇంకో సంగతి. నేను మొదట్లో మీ పత్రికవాళ్ళు చేసిన తప్పే చేశాను. అనంతపురం రచయిత ఒకాయన కథలో "యాడికి" అన్నచోట "ఎక్కడికి" అని దిద్దాను, నాకది సహాయం అనిపించింది. మా సంపాదకురాలు చూసి, నా దిద్దుబాటు మొత్తం తీసేయించి, ఆయనకు నాతోనే ఉత్తరం రాయించారు. ఆ రోజు నుంచి సంభాషణలో ఒక్క అక్షరం ముట్టుకున్నా రచయితను అడిగేదాన్ని. అలాంటి సంపాదకులు ఉన్నారు మేడమ్. వాళ్ళు ఏ పత్రికలో ఉన్నారో ఆ పత్రికలోని యాస కథలు చదివితేనే తెలుస్తుంది. ఒకే పత్రికలో రాయలసీమ కథ, తెలంగాణ కథ, మీ వైపు కథ మూడూ చదవండి. మూడు కథల్లోని మనుషులూ ఒకేలా మాట్లాడుతుంటే అక్కడ ఎవరో దిద్దుతున్నారన్నమాట.

మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. కథ పేరు, మీ పేరు, ఫోన్, నాలుగు వాక్యాల పరిచయం, హామీపత్రం. హామీ అంటే ఇది నా సొంత రచన, దేనికీ అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరో పత్రిక పరిశీలనలో లేదు అని. చివరి ముక్కను నిజంగా పాటించండి. ఒకే కథ రెండు పత్రికలకు పంపి, రెండింట్లోనూ వచ్చేస్తే, ఆ ఇద్దరు సంపాదకులకూ మీ పేరు గుర్తుండిపోతుంది, మంచిగా కాదు. రెండు నెలలు చూడండి, ఒకసారి మర్యాదగా అడగండి, ఇంకో రెండు మూడు వారాలకు కూడా రాకపోతే "ఉపసంహరించుకుంటున్నాను" అని ఒక లైను రాసి ఇంకో చోటికి పంపండి. గడువు ఒక్కో పత్రికకు ఒక్కోలా ఉంటుంది, వాళ్ళ సూచనల పేజీలో చూసుకోండి.

ఫేస్‌బుక్ సంగతి. అక్కడ పెట్టినదాన్ని చాలా పత్రికలు ప్రచురితం కిందే లెక్కేస్తాయి, పోటీలవాళ్ళు మరీను. పెద్ద కథ పత్రికలో రావాలనుకుంటే మీ తమ్ముడికి చెప్పి ఆపండి. పత్రికలో వచ్చాక లింకు పెట్టుకోవచ్చు, అందరూ చదువుతారు.

---

మానేరు ఒడ్డు:

ప్రతిలిపి గురించి ఎవరూ చెప్పలేదు. నేను అక్కడ ఏడాదిన్నర రాసిన. సంపాదకులు ఉండరు, మనమే పెట్టుకుంటాం, చదివేవాళ్ళు రేటింగులు ఇస్తారు, రోజుకో భాగం రాసే సీరియల్స్‌కు అక్కడ మంచి ఆదరణ ఉంది. రాసే అలవాటు తప్పకుండా ఉండాలంటే మంచి చోటు, పాఠకులతో నేరుగా మాట్లాడొచ్చు. మీరు అడిగేది మీ మాటను కాపాడి, తప్పుంటే చెప్పే మనిషి కావాలని. అది వేరే సంగతి. ఈ కథకు పత్రికే మంచిది అక్కా, సీరియల్ రాసినప్పుడు ప్రతిలిపి చూద్దురు.

---

గోస్తనీ:

1,200 రూపాయల సంకలనం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే నేను కట్టాను. నాది 1,500. ఐదు కాపీలు ఇస్తామన్నారు, రెండు వచ్చాయి. 60 మంది కథలు ఒకే పుస్తకంలో, ఎవరూ చదివి ఎంచలేదు, నా కథలో రెండు పేరాలు తలకిందులయ్యాయి, చివరి పేజీ పక్కవాళ్ళ కథలో కలిసిపోయింది. శాలువా, ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ పత్రం మీద నా పేరు తప్పు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆ 1,500 నేను ట్యూషన్ చెప్పి దాచుకున్నవి. ఇంకా ఘోరం, అందులో వచ్చింది కాబట్టి ఆ కథను ఏ పత్రికకూ పంపలేకపోయాను.

రాసినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని వేసేవాళ్ళకు పాఠకులతో పని లేదండీ, డబ్బు ముందే వచ్చేసింది కదా. దయచేసి కట్టకండి. ఆ డబ్బు పెట్టి నాలుగు కథల పుస్తకాలు కొనుక్కోండి.

---

ఉద్దానం గుంటడు:

అప్పా (మా వైపు అక్కను అలాగే పిలుస్తాం), మాది సోంపేట. తొమ్మిదేళ్ళుగా మస్కట్‌లో ఉన్నాను. నేను రాసేవాడిని కాదు, చదివేవాడిని మాత్రమే. పేపరు మాకు ఇక్కడ రాదు, ఫోన్‌లో వచ్చేవే చదువుతాను, శుక్రవారం సెలవు పూట. నువ్వు పెద్ద కథ వెబ్‌లో పెడితేనే నాకు దొరుకుతుంది. మా అమ్మ కూడా జీడిపిక్కలు కొట్టింది, వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చునేది, జీడి అంటకుండా. ఆ బూడిద నీ కథలో ఉందో లేదో తెలీదు. మా చెల్లిని "ఏటే గుంటా" అని ఎవరైనా పిలవగా విని ఎన్నాళ్ళయిందో. అది మాత్రం ఎవరు అడిగినా మార్చొద్దు.

---

జీడితోట:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలీడం లేదు. రాత్రి రెండింటిదాకా చదివాను.

సంకలనంవాళ్ళకు రాను అని మెసేజ్ పెట్టేశాను. గోస్తనీ గారూ, మీరు రాయకపోతే ఈ శనివారం కట్టేసేదాన్ని. తమ్ముడికి కూడా చెప్పాను. చిన్న కథ ఆదివారం అనుబంధానికి పంపుతాను, వ్యాసం పుస్తకం.నెట్‌కు. పెద్ద కథ ఇంకా పంపలేదు. నిన్న ఈమాటలో ఆరు కథలు, సారంగలో నాలుగు చదివాను, ప్రూఫుల బల్ల గారు చెప్పినట్టు మూడు ప్రాంతాల కథలు పక్కపక్కన పెట్టుకుని. ఎవరి మాట వాళ్ళదే ఉంది. ఇంకో పది రోజులు చదివి ఏదో ఒకదానికి పంపుతాను. ఈలోపు యాస మాటల కాగితం తయారు చేశాను, చూస్తే నిజంగానే "సేస్తన్నాది" మూడు రకాలుగా రాశాను. మానేరు ఒడ్డు తమ్ముడూ, గుంట దగ్గర పిల్ల ఏడుపు చేర్చాను.

సోంపేట తమ్ముడూ, బూడిద నా కథలో లేదు. అమ్మను ఇప్పుడే అడిగాను. బూడిద రాసుకునేవాళ్ళం, అది అయిపోతే సున్నం కూడా రాసుకునేవాళ్ళం అంది. ఇన్నాళ్ళూ నాకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు కదే అంది. రేపు పొద్దున్న కూర్చుని ఆ పేరా మళ్ళీ రాస్తాను.